మనోళ్ల పద్దు

పదహారేళ్లుగా బడిలో లెక్కలు చెబుతున్నాను. నా లెక్క తప్పిందని అనే ధైర్యం మెదక్‌లో ఎవరికీ లేదనుకునేదాన్ని. పెద్ద చర్చి వెనక సందులో రెండు గదుల ఇల్లు కొన్నాక ఆ ధీమా కాస్త తగ్గింది. పూర్తిగా మాత్రం పోలేదు.

చిట్టీ ఎత్తిన డబ్బూ, నా పొదుపూ కలిపి కొన్న ఇల్లది. కాగితం మీద నా పేరొక్కటే ఉన్న మొదటి ఆస్తి. రిజిస్ట్రేషన్ కాగితాలు తెచ్చుకున్న రోజు వాటిని ఎన్నిసార్లు తెరిచి చూసుకున్నానో చెప్పాలంటే సిగ్గు. క్రిస్మస్‌కూ గుడ్‌ఫ్రైడేకూ చర్చికి వచ్చేవాళ్లకు, శివరాత్రికి ఏడుపాయల జాతరకు వచ్చేవాళ్లకు రోజు కిరాయికి ఇద్దామని నా ఆలోచన. నెల కిరాయికి ఇచ్చేసి హాయిగా ఉండమని మా ఆయన అన్నాడు. సీజన్లో నాలుగు రోజులకు వచ్చేది మామూలు నెల కిరాయికంటే ఎక్కువని నేను వాదించాను. చివరికి ఆయన షరతు పెట్టాడు.

"మొదటి ఏడు నీ ఇష్టం. రెండో ఏడు గుడ్‌ఫ్రైడే నాటికి నీ జీతంల కెళ్లి ఒక్క రూపాయి ఆ ఇంటికి పోయినా, అమ్ముడే."

సరేనన్నాను. నా లెక్క మీద నాకంత నమ్మకం.

ఆ లెక్కలో నేను రాసుకున్నవి సున్నం, కరెంటు, దుప్పట్లు. అంతే. జూన్‌లో తాళం వేసిన ఇల్లు డిసెంబరులో తెరిస్తే పరుపులు ముక్కిపోయి కంపు కొడుతున్నాయి. ఆరు నెలలు ఎవరూ లేకపోయినా కరెంటు బిల్లు మాత్రం నెలనెలా వచ్చింది. కోతులు ట్యాంకు మూత ఊడదీసి నీళ్లలో జలకాలాడాయి. ట్యాంకు కడిగించి, మూతకు ఇనుప తీగ కట్టిస్తే వారంలో తీగను కూడా పీకేశాయి. బోరు మోటారు బిగుసుకుపోయింది. వాడకుండా ఉంచితే ఎలా పాడవుతుందని మెకానిక్‌తో తగువు పెట్టుకున్నాను. "మేడమ్, నడుస్తె ఖరాబ్ గాదు. నడ్వకుంటెనే ఖరాబైతది" అని నాకే పాఠం చెప్పి, డబ్బు లెక్కపెట్టుకుని పోయాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, మొదటి క్రిస్మస్ ఒక ఎత్తు.

రెండు గదులకూ హైదరాబాద్ వాళ్లు అడ్వాన్సు ఇచ్చారు. పండగ ముందు రోజు మధ్యాహ్నం గదుల్లో కొత్త దుప్పట్లు పరుస్తుంటే వాకిట్లో ట్రాలీ ఆటో ఆగింది. నర్సాపూర్ దగ్గర ఊళ్లో ఉండే మా చిన్నమ్మ దిగింది. ఆమె వెనక పద్నాలుగు మంది, బియ్యం మూట, చాపలు, ఇద్దరు పట్టుకుంటే గాని లేవని వంట బగోనె.

"మా బిడ్డ చర్చి ఎన్కనే ఇల్లు గొన్నదని ఊరంత చెప్పుకుంట వచ్చిన" అంది ఎంతో సంబరంగా.

తప్పు నాదే. ఇల్లు కొన్నప్పుడు పెట్టించుకున్న ప్రార్థనకు చుట్టాలంతా వచ్చారు. భోజనాలయ్యాక, సంతోషం పట్టలేక, "క్రిస్మస్‌కు మైదానంల పండుడు బంద్ జేయుండ్రి. ఇగ ఇది మీ ఇల్లే" అన్నాను. మా వాళ్లలో ఆ మాట అననివాళ్లు ఉండరు. విన్నవాళ్లు కూడా దాన్ని మర్యాదకు అన్న మాటగా తీసుకోరు. చిన్నమ్మ ఊహ తెలిసినప్పటి నుంచీ ప్రతి క్రిస్మస్‌కూ చర్చి మైదానంలో చెట్ల కింద చాప పరుచుకుని, చలికి వణుకుతూ తెల్లవారుజాము ఆరాధన కోసం ఎదురుచూసిన మనిషి. అలాంటి ఆమెను వాకిట్లోంచి ఎలా పంపను?

హైదరాబాద్ వాళ్లకు అడ్వాన్సు తిరిగిచ్చి, లాడ్జిలో గదులు చూపించి, అక్కడ ఎక్కువైన కిరాయి కూడా నేనే కట్టాను. ఆ ఏడాది రావాల్సిన పెద్ద ఆదాయం అలా పోయింది. కోపం నా మీదే వచ్చిందని రాస్తే బాగుంటుంది గానీ, నిజానికి చిన్నమ్మ మీదే వచ్చింది. ఆమె పెట్టిన బగారన్నం మూతి ముడుచుకునే తిన్నాను. ఆ ఏడు నాలుగు నెలల జీతంలోంచి ఆ ఇంటికి డబ్బు పోయింది. మా ఆయన కాలెండరు వైపు చూశాడు.

రెండో ఏడు బడిలో మిగిలిన చార్టు వెనక మళ్లీ మొదలుపెట్టాను. ఇల్లు తినేది ఏడాది పొడుగునా, సంపాదించేది మహా అయితే ముప్పై రోజులు. అందుకని ఏడాది ఖర్చంతా కూడి, ముప్పైతో భాగించి రోజు కిరాయి తేల్చాను. నెలకు రెండుసార్లు మోటారు ఆన్ చేయడానికి, పరుపులు ఎండలో వేయడానికి ఒక మనిషికి జీతం రాశాను. కోతులకు కూడా ఒక పద్దు రాశాను. అన్నిటికన్నా కింద 'మనోళ్లు' అని రాశాను: క్రిస్మస్‌కు మూడు రోజుల పాటు ముందరి గదీ వరండా చిన్నమ్మ వాళ్లకే, కిరాయికి ఇవ్వకూడదు. ఆ నష్టాన్ని వెనక గది కిరాయిలో కలిపేశాను.

"గిదేం ఖర్చు? రావొద్దని జెప్పు, అయిపాయె" అన్నాడు మా ఆయన.

"నువ్వు చెప్తవా?"

పోయిన క్రిస్మస్‌కు చిన్నమ్మ వండిన మటన్ రెండుసార్లు వడ్డించుకున్న మనిషి ఆ మాట ఎలా చెప్తాడు?

ఆ క్రిస్మస్‌కు వెనక గదిలో హైదరాబాద్ నుంచి భార్యాభర్తలు, ఇద్దరు ఆడపిల్లలు దిగారు. పండగ రోజు ఆరాధన అయ్యాక హోటళ్లన్నీ కిక్కిరిసిపోయి, తిండి దొరక్క మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. వాకిట్లో మూడు రాళ్ల మీద చిన్నమ్మ బగోనె పొగలు కక్కుతోంది. ఆ ఇంట్లో కనిపించిన ప్రతి మనిషీ నా చుట్టమేనని ఆమె లెక్క.

"రాండ్రి, కూసోండ్రి. మా బిడ్డ ఇంటికొచ్చి ఉపాసముంటరా?"

కిరాయి కట్టినవాళ్లను చాప మీద కూర్చోబెట్టినందుకు నాకు తల కొట్టేసినట్టయింది. వాళ్లు మాత్రం చెయ్యి నాకేదాకా తిన్నారు. వెళ్లేటప్పుడే ఆ పిల్లల తల్లి గుడ్‌ఫ్రైడేకు గది అడిగింది. ఆమె చెప్పగా విన్నవాళ్లు శివరాత్రికి రెండు గదులూ ఐదు రోజులు తీసుకున్నారు. ఆ పండగ రోజే నేను వంటకు డబ్బు ఇవ్వబోతే చిన్నమ్మ నా చెయ్యి తోసేసింది. "మనింట్ల నలుగురికి అన్నం పెడ్తె పైసలేంది బిడ్డా? దుకాణం వెట్టిన్ననుకున్నవా?"

గుడ్‌ఫ్రైడే సాయంత్రం చార్టు ముందేసుకుని కూర్చున్నాం. నా జీతంలోంచి పోయింది సున్నా. ఖర్చులన్నీ పోను రెండు వేల చిల్లర మిగిలింది. మా ఆయన రెండుసార్లు కూడి చూసి, ఓడిపోయినా నవ్వాడు. ఇల్లు నాదే, నా పేరు మీదే ఉంటుంది. లేచి గంతెయ్యాలనిపించింది.

ఆయన పెన్ను తీసుకుని 'మనోళ్లు' పద్దు మీద పెట్టాడు. "దీన్ని ఖర్చుల కెళ్లి తీసి ఆమ్దానీల రాయాలె. గీ ఏడు ఇల్లు నిలవెట్టింది మీ చిన్నమ్మ వంటనే."

లెక్క ప్రకారం ఆయన చెప్పిందే రైటు. అయినా పెన్ను లాక్కున్నాను.

"వద్దు, ఖర్చులనే ఉండనీ. ఆమ్దానీల రాస్తె, వచ్చే క్రిస్మస్‌కు నేను చిన్నమ్మ కోసం ఎదురుచూడ. బగోనె కోసం ఎదురుచూస్త."

రెండు రోజులకు హైదరాబాద్ ఆవిడ ఫోన్ చేసి, వచ్చే క్రిస్మస్‌కు భోజనంతో కలిపి గది ఎంతని అడిగింది. గది కిరాయి చెప్పాను. భోజనానికి ధర లేదన్నాను. అన్నానికి పిలిస్తే మా చిన్నమ్మే పిలవాలి, అది నేను అమ్మేది కాదని చెప్పాను.