పట్టుకారు పెద్దమ్మ పీకిన బంతి మొక్కలు

ఆసుపత్రి తోటలో కలుపు తీసే ఆవిడని అందరూ పట్టుకారు పెద్దమ్మ అంటారు. ఆవిడ చేతికి చిక్కిన మొక్క వేరు తెగకుండా బయటికి రావాల్సిందే. ముందు మట్టి తడుపుతుంది, మొదలు పట్టుకుని అటూ ఇటూ కదుపుతుంది, ఆ తర్వాతే లాగుతుంది. పైపైన తెంపి పారేసేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండిపోతుంది. "దాన్ని పీకడం అనరే, గడ్డం గీయడం అంటారు!" అని తోటివాళ్ళని ఏడిపిస్తుంది.

ఆవిడ కూతురు ఇంట్లోనే ఇంగ్లీషు ట్యూషన్లు చెబుతుంది. ఒక సాయంత్రం పాఠంలో 'ఎరాడికేట్' అనే మాట వచ్చింది. లాటిన్‌లో వేరుకి ఉన్న పేరులోంచి అది పుట్టిందనీ, మొక్కని వేరుతో సహా పెరికేయడమే దాని మొదటి అర్థమనీ, రోగాలనీ దురాచారాలనీ రూపుమాపడానికి వాడటం ఆ తర్వాత వచ్చిందనీ, ముల్లంగి ఇంగ్లీషు పేరు కూడా దానికి చుట్టమేననీ చెప్పింది. వంటగదిలో ఉన్న పెద్దమ్మ ఊరుకుంటుందా?

"రోగాన్ని పీకాలన్నా ముందు మట్టి తడపాలని చెప్పవే వాళ్ళకి!"

పిల్లలు పగలబడి నవ్వారు. కూతురూ నవ్వింది గానీ, అమ్మ ఉప్పుడబ్బా కోసం అరంతా తడుముకోవడం చూసి ఆ నవ్వు కాస్తా ఆగిపోయింది. కళ్ళు చూపించుకోమని ఏడాదిగా బతిమాలుతోంది. పెద్దమ్మ వింటేగా! చూపిస్తే శుక్లాలంటారు, శుక్లాలంటే పని మానేసి ఇంట్లో కూచోమంటారు. తోట లేకపోతే తనేమైపోవాలి? ఆ భయం పైకి చెప్పుకోలేక, "నా కళ్ళకేం, నిక్షేపంలా ఉన్నాయి" అని కసురుతుంది.

మర్నాడు గేటు పక్క మడిలో కూచుంది. మధ్యాహ్నానికి వయ్యారిభామ కలుపంతా తీసి గుట్టపోసి, హమ్మయ్య అని నడుం నిలబెట్టింది. తోటపని చూసే మేస్త్రీ వచ్చి చూసి నెత్తి పట్టుకున్నాడు.

"పెద్దమ్మా! ఇవి బంతి మొక్కలు!"

లేతగా ఉన్నప్పుడు రెండింటి ఆకులూ కొంచెం ఒకేలా కనిపిస్తాయి. కానీ ఆవిడ పొరబడటమా? చేతులు ముక్కు దగ్గర పెట్టుకుంది. బంతి వాసన గుప్పుమంది. పొద్దుటినుంచీ అది పక్క మడిలో పూసిన పూలదే అనుకుంది, పిచ్చి తల్లి.

గుట్టలోంచి ఒక మొక్క తీసి వేళ్ళతో తడిమింది. వేరు పోగైనా తెగలేదు, మట్టి అంటుకునే ఉంది. ఇంకోటి తీసింది. అదీ అంతే.

"నీళ్ళు పట్రా నాయనా, నాటేద్దాం. బతుకుతాయి" అంది. "నాకు కళ్ళు కనబడటం లేదు. ఎవరికీ చెప్పలేదు."

మేస్త్రీ చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కనే గొంతుక్కూచున్నాడు. అతను గుంట తవ్వి ఆవిడ చెయ్యి అక్కడ పెడుతుంటే, ఆవిడ మొక్క నిలిపి మన్ను అదిమింది. అన్నీ నాటాక ఎండ తగలకుండా తడిగోనెలతో పందిరి వేశారు.

"వైద్యం చేయించుకుని రా పెద్దమ్మా. అందాకా వీటికి నీళ్ళు నేను పోస్తా. ఈ మడి నీదే" అన్నాడు లేస్తూ.

సాయంత్రం పెద్దమ్మ చెప్పులైనా విప్పకుండా కూతురి పక్కన కూలబడింది.

"రేపు కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళవే."

కూతురు తెల్లబోయింది. "ఏమైందమ్మా?"

"నా బంతి మొక్కలు పూస్తాయే. అప్పటికి నాకు కనబడాలి."