కానుగ చెట్టుకు నీలి పట్టీ

మా వీధి కానుగ చెట్టును చంపింది నేను. ఈ మాట వీధిలో ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

ఏడో తరగతితో బడి మానేసి నగరిలో మరమగ్గాల షెడ్డులో చేరినవాణ్ణి. నా చదువంతా గ్రంథాలయంలోనే. పని దిగగానే అక్కడికి పోయి, తలుపులు మూసేదాకా చదివేవాణ్ణి. జబ్బులు, చట్టాలు, నక్షత్రాలు, ఎరువులు, ఏది దొరికితే అది. వీధిలో ఎవరికి దరఖాస్తు రాయాలన్నా, మందుచీటీ అర్థం కాకపోయినా నా దగ్గరికే వచ్చేవారు. అది నాకు చాలా ఇష్టంగా ఉండేది.

ఆ కానుగ కింద ఒకామె ఇస్త్రీ బండి పెట్టుకుని పదేళ్ళుగా బతుకుతోంది. వీధిలో నీడంటే అదొక్కటే. పొద్దున్నే చెట్టు చుట్టూ ఊడ్చేది. బట్టల మీద చిలకరించగా మిగిలిన నీళ్ళు, పెట్టెలో చల్లారిన బొగ్గుల బూడిద చెట్టు మొదట్లోనే పోసేది. ఒక వానాకాలం చివర, మానులో ఒకచోట బెరడు కుళ్ళి నల్లనీళ్ళు కారుతుంటే ఆమే చూసి నన్ను పిలిచి చూపించింది.

గ్రంథాలయంలో తోటల పెంపకం మీద ఒక పాత పుస్తకం ఉంది. కుళ్ళిన బెరడును గట్టి కర్ర కనిపించేదాకా గీకి, నీలిరంగు మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద పూయమని అందులో రాసి ఉంది. ఆ పుట చివరిదాకా చదివాను. పుట తిప్పలేదు. అంతవరకూ తెలిస్తే చాలనిపించింది.

ఆదివారం ఉలి తీసుకుని మొదలుపెట్టాను. కుళ్ళు అరచేయంత. జబ్బు మళ్ళీ రాకూడదని, చూడటానికీ బాగుంటుందని, జానెడు వెడల్పున మాను చుట్టూ గీకేశాను.

"మంచి తోలు గూడా తీస్తాండావే అన్నా, దానికి నొప్పి గాదా?" అంది ఇస్త్రీ ఆమె.

"నీకు తెలిసింది ఇస్త్రీ పెట్టె. నువ్వు దాన్ని సూసుకో," అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ముద్ద పూశాక చెట్టుకు నీలి పట్టీ కట్టినట్టుంది. వారం రోజులు దారిన పోయేవాళ్ళను ఆపి మరీ చూపించాను.

ఉగాదికి ఊళ్ళో కానుగలన్నీ చిగురించాయి. మాది మాత్రం ఆకు రాల్చి అట్లాగే నిలబడింది. అప్పుడు ఆ పుస్తకం ఇంటికి తెచ్చి పుట తిప్పాను. మాను చుట్టూ బెరడు ఎన్నడూ తీయరాదని, ఆకుల్లో తయారైన ఆహారం వేళ్ళకు దిగే దారి అదేనని మొదట్లోనే ఉంది.

రెండు రోజులకు, చెట్టు వెనకింటి పెద్దాయన నలుగురిని పోగేశాడు.

"ఏమప్పా, సదివినోడివి, నువ్వు సెప్పు. ఎందుకు ఎండిపాయ ఇది?"

అందరూ నా వైపే చూస్తున్నారు.

"బొగ్గుల వేడి," అన్నాను. "దినామూ మొదట్లో నిప్పులు కుమ్మరిస్తే ఏర్లు ఉడికిపోవా? బుక్కులో ఉండాది."

"నిప్పులు యాడ పోసినాను? సల్లారిన బూడిద గదా," అంది ఆమె.

"బట్టలు సాలక సెట్టుకు గూడా ఇస్త్రీ సేసి పెట్టినావు తల్లీ," అన్నాడు పెద్దాయన. "రేపటికి బండి ఈడ కనపడకూడదు."

ఆమె నా వైపు చూసింది. నేను నీలి పట్టీని చూస్తూ నిలబడ్డాను.

సాయంత్రం మా ఇంటికి వచ్చింది. తగాదాకు వచ్చిందనుకున్నాను.

"నిప్పుల మాట యాడుండాదో ఒకసారి సూపించన్నా," అంది. ఆమెకు చదువు రాదు.

పుస్తకం తెరిచి ఒక వాక్యం మీద వేలు పెట్టాను. సున్నం ఎంతసేపు నాననివ్వాలో చెప్పే వాక్యం అది. ఆమె కొంగుకు చెయ్యి తుడుచుకుని నా వేలి పక్కన తన వేలు పెట్టింది.

"ఈడేనా?"

"ఈడే."

ఆ అక్షరాలను చాలాసేపు చూసింది.

"అయితే నేనే సంపుకున్నానా దాన్ని," అంది.

"తెలీక సేసినావులే," అన్నాను, ఓదార్పుగా.

ఇప్పుడామె బస్టాండు గోడ పక్కన, ఎండలో ఇస్త్రీ చేస్తోంది. షెడ్డుకు పోతూ రోజూ చూస్తాను. ఆ చుట్టుపక్కల ఒక్క చెట్టు కూడా లేదు. అయినా బూడిదను డబ్బాలోకి ఎత్తి, నీళ్ళు చల్లి, కాలవ దాకా మోసుకుపోయి పారబోసి వస్తుంది.