బావగారి షష్టిపూర్తికి నేను గీసిన బొమ్మ

అయ్యా, మా అక్కయ్య కాపురంలో నా చేతులారా నేనే నిప్పులు పోయబోయిన వైనం చెబుతాను. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. అప్పటికి నేను పసివాణ్ణేమీ కాదు, యాభై రెండేళ్ళవాణ్ణి. కోర్టులో గుమాస్తా పని చాలించి రాజమహేంద్రవరంలో ఊరికే కూర్చున్నాను. ఒకనాడు గోదావరి గట్టున ఎవరో దొర పడవవాళ్ళ మొహాలు బొగ్గుతో గీస్తుంటే చూసి, "ఓస్, ఇంతేనా!" అనుకున్నాను. అదీ నా విద్యాభ్యాసం.

మూడు నెలలు ఇంట్లో అందరి మొహాలూ పాడుచేశాను. మా ఆవిడ తన బొమ్మ చూసి, "ఇది నేనే అయితే మీరు సన్యాసం పుచ్చుకోవలసిందేనండీ" అంది. పాపం, కళ తెలియని మనిషని క్షమించాను.

ఇంతలో పిఠాపురంలో బావగారి షష్టిపూర్తి వచ్చింది. అరవయ్యోయేట గండముందని జ్యోతిష్కుడు చెప్పింది మొదలు ఆయన బల్లి పలికినా మంచమెక్కేవారు. ఆ రోజు శుభంగా గడవాలని అక్కయ్య మొక్కని దేవుడు లేడు. నేనేమో కానుకగా అక్కయ్య బొమ్మ గీసి పట్టుకెళ్ళాను. నా దగ్గరున్నది బొగ్గు ఒక్కటే, నల్లబొట్టు పెడితే ఏం బావుంటుంది? అందుకని నుదురు ఖాళీగా వదిలేశాను. అందరి ఎదుటా అసలు కుంకుమే దిద్ది భళా అనిపించుకోవాలని నా ఎత్తు.

కుంకుమ భరిణె కోసం లోపలికి వెళ్ళానో లేదో, బావగారు ఆత్రంగా బొమ్మ మీద గుడ్డ తీసేశారు.

"ఏమోయ్! మీ అక్కకు బొట్టేదీ? అదీ ఇవాళ! నన్ను పైకి పంపించేశావా?"

ఆ కేకకు పరుగెత్తుకొచ్చాను. బావగారు పీట మీదే కూలబడ్డారు. పురోహితుడు మంత్రం మింగేశాడు. అక్కయ్య తన నుదుటి బొట్టు తడిమి చూసుకుంది. కాగితం మీద ఒక్క చుక్క లేకపోయేసరికి, ఎదురుగా ఇంత బొట్టుతో, పట్టుచీరతో నిలబడ్డ మనిషి ఒక్కడికీ కనబడలేదు!

"అది కాదండీ బావగారూ, కుంకుమ..."

"మాట్లాడకు! ఇవాళ్టితో నీకూ మీ అక్కకూ రాకపోకలు లేవు!" అంటూ బొమ్మ విసరబోయి, ఎందుకో ఆగారు. దగ్గరగా పెట్టుకుని చూశారు. కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఈ ముక్కు... ఈ గడ్డం... మా అమ్మేనోయ్! నాన్నగారు పోయాక అచ్చం ఇలాగే ఉండేది. నన్ను దీవించడానికి వచ్చిందోయ్!"

అంటూనే బొమ్మ ముందు సాష్టాంగపడ్డారు. గండం గడిచింది, నోరు మూసుకోవచ్చు కదా! పోలిక కుదరలేదంటే నాలో కళాకారుడు ఊరుకోడే.

"మీ అమ్మగారేంటండీ? అది అక్క..."

అక్కయ్య నా కాలు మడమతో తొక్కింది. "అత్తయ్యగారేనండీ! వాడు మీ కోసమే గీశాడు" అంది, నవ్వుతూ.

పెరట్లోకి లాక్కెళ్ళాక ఆ నవ్వు లేదు.

"ఒరేయ్, ముప్పై ఏళ్ళు ఆవిడతో వేగాను. పోయాక పదేళ్ళుగా హాయిగా అన్నం తింటున్నాను. ఇప్పుడు పటం కట్టించి వంటింటి గుమ్మానికి ఎదురుగా పెడతారటరా! రోజూ దండ వేయాల్సింది నేను!"

ఆ పెరట్లోనే తూర్పు తిరిగి ప్రమాణం చేశాను. ఈ జన్మలో మళ్ళీ మనిషి మొహం గీయను. ఇప్పుడు వంకాయలు గీస్తున్నాను. వంకాయకు అత్తగారు ఉండరు.