రౌటరులోకి పోయిన నంబరు

వెంకటేశప్పను ఎవరన్నా పేరడిగితే ముందు ఫోన్ నంబరు చెప్పేవాడు, ఆ తర్వాత పేరు. నగరం చివర చందాపురలో ఆయనుండే వీధిలో చిన్నపిల్లలకు కూడా ఆ నంబరు నోటికొచ్చు. ఇరవై ఏళ్ళ కిందట, వచ్చిన ఫోనెత్తినా దుడ్డు పోయే కాలం అప్పుడప్పుడే ముగిసినప్పుడు, చిక్కపేటలో ఒక అంగడి ముందర పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నిలబడి, వాళ్ళు చూపించిన సిమ్ములన్నీ తిరగేసి, ఆఖర్న మూడు ఏడులు వచ్చేదాన్ని ఏరుకున్నాడు. అప్పుడాయనకు కబ్బన్‌పేటలో నాలుగు మగ్గాలుండేవి. జరీ అమ్మేవాళ్ళు, పట్టుచీరల అంగళ్ళవాళ్ళు, ఇంట్లో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు, అందరూ ఆ నంబరుకే చేసేవాళ్ళు. మగ్గాల మోతలో వినబడదని ఫోను జేబులో కూడా వేసుకోకుండా చేతిలోనే పట్టుకొని తిరిగేవాడు.

ఆ మగ్గాలు ఏమయ్యాయని అడగొద్దు. పేటలో అందరి మగ్గాలకూ ఏమయిందో వాటికీ అదే అయింది. ఒకటొకటే ఊడదీసి పాత ఇనుము కింద ఇచ్చేసి, పేట వదిలి, చందాపురలో రెండు గదుల ఇల్లు చూసుకొని వచ్చి పడ్డాడు. పని పోయింది, పనితో వచ్చిన పేరు పోయింది, నంబరొక్కటి మిగిలింది. మనిషి మంచివాడే, కాదనను. కానీ ఆ నంబరు జోలికొస్తే ఎవరి మాటా వినేవాడు కాదు. చీరల అంగళ్ళవాళ్ళు ఆయన్ను ఎప్పుడో మరిచిపోయినా "ఏమో, ఎవరన్నా చేస్తే?" అనేవాడు.

చక్కెర జబ్బు పదిహేనేళ్ళుగా ఉంది. దాన్ని ఆయన పట్టించుకోలేదు గానీ అది ఆయన్ను బాగానే పట్టించుకుంది. కాళ్ళు వాచి, మొహం ఉబ్బి, ఆయాసంతో పడుకోలేని రోజు వచ్చాక ఆస్పత్రికి పోతే, రెండు కిడ్నీలూ పోయాయన్నారు. ఇక వారానికి మూడు మార్లు డయాలసిస్. రోజుకు తాగే నీళ్ళు ఒక్క చిన్న సీసా, అంతే. ఇంట్లోవాళ్ళ కిడ్నీ పనికొస్తుందేమోనని చూశారు. భార్య రత్నమ్మకూ చక్కెర జబ్బే. కూతురు పల్లవి నాది తీసుకోండి అంది, ఆమెది సరిపోలేదు. మిగిలింది ఒకటే దారి. చనిపోయినవాళ్ళ కిడ్నీ కోసం పేరు రాయించుకొని కాచుకోవడం.

ఆస్పత్రిలో ఆ జాబితా పని చూసేది శైలజ అనే ఆమె. ఫారం నింపుతూ, "మీ వంతు వస్తే ఫోన్ చేస్తాం సార్. గంటలో జవాబివ్వకపోతే తర్వాతి పేరుకు పోతుంది. అందుకే రెండు నంబర్లు ఇవ్వండి" అంది. వెంకటేశప్ప మూడు ఏడుల నంబరు చెప్పాడు. రెండోది అడిగితే మళ్ళీ అదే చెప్పాడు. "అది మారేది కాదమ్మా. ఇరవై ఏండ్లుగా ఉండాది. ఎప్పుడు చేసినా నేనే ఎత్తుతా." శైలజ ఇంకో మాట అడిగి చూసి, ఆయన వాలకం చూసి నవ్వి, రెండు గళ్ళలోనూ అదే రాసేసింది. పక్కన కూతురుంది, కూతురికో ఫోనుంది. ఆ నంబరు చెప్పడానికి ఈ పెద్దమనిషికి నోరు రాలేదు చూడండి.

అలా మూడేళ్ళు కాచుకున్నారు. ఇంట్లో దేనికి కోత పడినా ఆ సిమ్ముకు మాత్రం పడలేదు. ఏడాది మొత్తానికి ఒకేసారి పెద్ద ప్లాను వేయించేవాళ్ళు, మధ్యలో ఎక్కడా ఆగిపోకూడదని. ఆ ప్లానుతో ఫైవ్ జీ డేటా ఎంత వాడుకుంటే అంత. వెంకటేశప్ప అందులో ఒక్క చుక్క వాడేవాడు కాదు. ఆయనకు ఫోనంటే ఎత్తడం, మాట్లాడడం, పెట్టేయడం.

పల్లవికి ఎలక్ట్రానిక్ సిటీలో ఇన్సూరెన్స్ కాగితాలు సరిచూసే ఉద్యోగం. నాయన్ను డయాలసిస్‌కు తీసుకెళ్ళాలని అడిగి, బతిమాలి, ఇంటి నుంచే పని చేసేలా ఒప్పించుకుంది. వాళ్ళ వీధికి మంచి ఇంటర్నెట్ వైరు రాలేదు. ఉన్న ఒక్క కేబులూ రోడ్డు తవ్విన ప్రతిసారీ తెగేది. ఆమె ఫోనులో రోజుకిచ్చే డేటా మధ్యాహ్నానికే అయిపోయేది. లాగిన్ మధ్యలో పోతోందని కంపెనీవాళ్ళు రెండుసార్లు మెయిల్ పెట్టారు, మూడోసారి పెడితే ఉద్యోగం ఉండదు. అప్పుడు సిమ్ము వేసే రౌటరు ఒకటి తెచ్చుకుంది. ఫోను ప్లానును రౌటరులో వాడకూడదని చిన్న అక్షరాల్లో ఎక్కడో రాసే ఉంటారు. చందాపురలో ఆ అక్షరాలు చదివినవాడు నాకింతవరకు కనబడలేదు.

"నాయినా, నీ సిమ్ము ఇస్తావా? పగలు పది నుంచి ఏడు దాకా, నా షిఫ్టు అయ్యేవరకు. డయాలసిస్ పొద్దున ఐదింటికే గదా, అప్పుడు నీ ఫోనులోనే ఉంటాది" అని అడిగింది పల్లవి.

"ఆస్పత్రి నుంచి ఫోనొస్తే?"

"సిమ్ము రౌటరులో ఉన్నంతసేపు ఎవరు చేసినా నా ఫోనుకు వచ్చేలా పెడతా. నీ ఫోనులో వేసినాక మళ్ళీ నీకే వస్తాది."

"ఇంత డేటా సుమ్నె ఊరికే పోతా ఉంటే బిడ్డకిచ్చేదానికి ఏమంట?" అని రత్నమ్మ వంటింట్లోంచి అంది. ఆ ఉద్యోగం పోతే డయాలసిస్ కూడా జరగదని వెంకటేశప్పకు తెలుసు. ఇచ్చేశాడు. పల్లవి సిమ్ము రౌటరులో వేసి, ఆయన ముందరే అమ్మ ఫోను నుంచి ఆ నంబరుకు చేసి చూపించింది. పల్లవి ఫోనే మోగింది. అంతా సరిగ్గానే ఉంది.

మూడు వారాలు బాగానే గడిచాయి. ఒక మధ్యాహ్నం పేటలో పాత నేస్తం పెద్దమునియప్ప ఫోన్ చేశాడు. ఇద్దరూ ఒకే వరసలో మగ్గాలు నడిపినవాళ్ళు. పల్లవి ఎత్తి, నాయిన పడుకోనుండాడు మామా, లేచినాక చెప్తా అంది. ఆ సాయంత్రం సిమ్ము ఫోనులో పడగానే వెంకటేశప్ప తిరిగి చేశాడు. పెద్దమునియప్ప నవ్వుతూనే అన్నాడు, "ఏమప్పా వెంకటేశా, నీ నంబరుకు చేస్తే నీ కూతురు ఎత్తె. ఒక్క గడియ నా గుండె ఆగిపోయింది. పోయినావేమో అనుకొన్యా."

పేటలో ఎవరన్నా పోతే, పదకొండో రోజు దాకా వాళ్ళ ఫోను పిల్లల చేతిలోనే ఉంటుంది. చేసినవాళ్ళకల్లా పిల్లలే ఎత్తి సంగతి చెప్తారు. వెంకటేశప్ప అలా ఎంతమంది పిల్లల గొంతులు విన్నాడో. ఇప్పుడు తన నంబరుకు తన బిడ్డ గొంతు పలుకుతోందంటే, బతికుండగానే తన్ను లెక్కలోంచి తీసేసినట్టు అనిపించింది. ఆ రాత్రంతా అదే మాట ఆయన్ను తొలిచింది.

మరునాడు ఏడు దాటాక, సిమ్ము చేతికొచ్చాక, వీధి చివర రీచార్జి అంగడి శ్రీను దగ్గరికి పోయాడు. "ఇది కూతురి ఫోనుకు పోతా ఉండాది. తీసెయ్" అన్నాడు.

"తీసేస్తే సిమ్ము రౌటరులో ఉన్నప్పుడు ఎవరు చేసినా ఎవరికీ రాదు సార్. రౌటరు మోగదు గదా" అన్నాడు శ్రీను.

"మూడేండ్లుగా రాని ఫోను, ఈ కాసేపట్లోనే వస్తాదా? తీసెయ్యప్పా."

శ్రీను ఏవో అంకెలు కొట్టి తీసేశాడు. ఇంట్లో చెప్పాలని వెంకటేశప్పకు తోచలేదు. తోచలేదంటే అబద్ధం. చెప్తే మళ్ళీ పెడుతుందని చెప్పలేదు.

పదకొండు రోజులు గడిచాయి. ఒక గురువారం సాయంత్రం ఏడున్నరకు, సిమ్ము ఫోనులో వేసిన కాసేపటికే శైలజ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. వెంకటేశప్ప ముందర రాగిముద్ద కంచం ఉంది. స్పీకరులో పెట్టాడు.

"ఏం సార్, ఎక్కడికి పోయారు? పదకొండున్నర నుంచి నాలుగుసార్లు చేశాం. స్విచ్చాఫ్ అనే వస్తోంది. మెసేజీ కూడా పెట్టాం. మీ ముందున్న ఇద్దరికి సరిపడలేదు, మీ వంతు వచ్చింది. ఒంటిగంట దాకా చూశాం సార్. తర్వాత పేరుకు ఇచ్చేశారు. ఆపరేషన్ జరుగుతోంది."

పల్లవి లాప్‌టాప్ తెచ్చి రౌటరు పేజీ తెరిచింది. అందులో మెసేజీల పెట్టె ఒకటి ఉంటుందని ఆమెకు అంతవరకూ తెలియదు. లోన్ కావాలా అనే మెసేజీల మధ్యలో, ఈ నంబరు నుంచి మీకు కాల్ వచ్చింది అని నాలుగు, వాటి కింద ఆస్పత్రిది ఒకటి. వెంటనే ఫోన్ చేయండి, ఏమీ తినకుండా బయల్దేరండి అని. ఆ మెసేజీ వచ్చిన పొద్దుకు ముగ్గురూ ఆ రౌటరున్న గదిలోనే కూర్చుని అటుకులు తింటున్నారు.

రత్నమ్మ నోరు విప్పింది. "మీ నాయిన ప్రాణం తీసి ఆ డబ్బాలో వేసినావు గదే. నీ ఉద్యోగానికి అదొక్క సిమ్మే దొరికిందా? ఇయ్యమన్నందుకు నన్ను కొట్టుకోవల్ల చెప్పుతో."

"నా ఫోనుకు వచ్చేలా పెట్టినా గదమ్మా. ఎట్ల రాలేదో నాకు తెలీదు" అని పల్లవి అవే మెసేజీలు మళ్ళీ మళ్ళీ చదివింది.

అప్పుడు చెప్పాల్సింది వెంకటేశప్ప. నేను తీసేయించినా అని ఒక్క ముక్క. కంచం పక్కకు జరిపి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయన్ను చూసి నాకు జాలి వేస్తుంది, కోపమూ వస్తుంది. ప్రాణం మీదికి తెచ్చుకున్నవాడు తనే, దాన్ని బిడ్డ నెత్తిన పడనిచ్చినవాడూ తనే. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

మరుసటి వారం పల్లవి రౌటరును అట్టపెట్టెలో పెట్టి అటక మీదికెక్కించి, ఆఫీసుకే వస్తానని రాసిచ్చింది. పొద్దున ఏడింటికి బస్సెక్కితే రాత్రి ఎనిమిదికి రావడం. వెంకటేశప్ప ఒక్కడే ఆటోలో డయాలసిస్‌కు పోయి వచ్చేవాడు. రత్నమ్మ కూతురికి అన్నం పెడుతూ ఏదో ఒకటి అనకుండా ఉండేది కాదు. పక్కింటి పాపక్క ముందర కూడా అనేది. పల్లవి ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. మాట పడినప్పుడల్లా వెంకటేశప్ప ఇప్పుడు చెప్దాం అనుకొని రేపటికి వాయిదా వేశాడు. అలా రెండు నెలలు పోయాయి.

ఒక సోమవారం డయాలసిస్ అయ్యాక డాక్టరు ఆయన్ను లోపలికి పిలిచాడు. గుండె బాగా నీరసించింది, ఇప్పుడు కిడ్నీ దొరికినా ఆపరేషన్‌కు తట్టుకోదు, పేరు జాబితాలోంచి తీసి పక్కన పెడుతున్నాం అన్నాడు. ఇంట్లో ఎవరినైనా తీసుకురండి, మాట్లాడతా అన్నాడు. వెంకటేశప్ప తలూపి, ఆటో ఎక్కి ఇంటికొచ్చి, ఆ సంగతీ ఎవరికీ చెప్పలేదు.

శనివారం సెలవు కాబట్టి పల్లవి వెంట వచ్చింది. సూదులు ఎక్కించి మిషను తిప్పారు. ఇక నాలుగు గంటలు కదలడానికి లేదు. పక్క మంచాలవాళ్ళు కునుకు తీస్తున్నారు.

"పాపా."

"నీళ్ళా నాయినా? ఇంగ రెండు గుక్కలే ఉండాయి."

"నీళ్ళు కాదు. ఆ పొద్దు నీ ఫోనుకు రాలేదు గదా. నువ్వు పెట్టింది నేనే తీసేయించినా. శ్రీను అంగట్లో. పెద్దమునియప్ప నేను పోయినా అనుకొన్యాడంట. అది నాకు బేజారయింది. నీకు చెప్పలేదు. మీ అమ్మ నిన్నంటా ఉంటే కూడా చెప్పలేదు."

పల్లవి ఆయన కాళ్ళ మీది దుప్పటి సర్దింది. "నాకు తెలుసు" అంది.

వెంకటేశప్ప తల తిప్పి చూశాడు.

"ఆ రాత్రే నీ ఫోనులో చూసినా. తీసేసి ఉండాది. తెల్లారి శ్రీనును అడిగితే చెప్పినాడు."

"మరి మీ అమ్మకెందుకు చెప్పలే?"

"చెప్తే నిన్నంటాది. నువ్వు తట్టుకోలేవు. నేనైతే పొద్దున బస్సెక్కి పోతా."

"కోపం రాలేదా నీకు?"

"వచ్చె. శానా వచ్చె. రెండు దినాలు నీ మొగం చూడబుద్ధి కాలే." పల్లవి మళ్ళీ అంది, "తిట్టకుండా వదిలేస్తా అనుకోవద్దు. నీకు కిడ్నీ వేసి, నువ్వు బాగై, చెంబుడు నీళ్ళు గటగటా తాగుతావు గదా, ఆ పొద్దు కూర్చోబెట్టి తిడతా. అంతవరకు అట్లే పెట్టుకోనుంటా."

వెంకటేశప్ప సూదులు లేని చేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"అంతవరకు వద్దమ్మా" అన్నాడు. "ఇప్పుడే తిట్టెయ్."

పల్లవి ఆయన మొహంలోకి చూసింది. డాక్టరు ఏమన్నాడని అడగలేదు. కుర్చీ మంచం దగ్గరికి లాక్కొని, పక్కవాళ్ళకు వినబడకుండా, చిన్న గొంతుతో తిట్టడం మొదలుపెట్టింది.