బోయిగూడ అవ్వ ఎక్కిళ్ళు

మొన్న ఆదివారం చర్చి నుంచి నేరేడ్‌మెట్ ఇంటికొచ్చి అందరం భోజనాలకు కూర్చున్నామో లేదో, మా మనవరాలికి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. ఇంకేముంది, ఎవరో తలుచుకుంటున్నారంటూ కొడుకొక పేరు, కోడలొక పేరు చెప్పడం, ఏ పేరుకు ఆగితే వాళ్ళే తలుచుకున్నట్టని ఒకటే నవ్వులు. నా చెయ్యి మాత్రం నాకు తెలియకుండానే వెళ్ళి ఆ పిల్ల నాడి పట్టుకుంది. నర్సు ఉద్యోగం వదిలి ఇన్నేళ్ళయినా ఈ పిచ్చి నిన్ను వదల్లేదని మావారు వెక్కిరించారు. వదలదు మరి! ఎందుకు వదలదో నా ఈడు వాళ్ళకైతే చెప్పుకోవచ్చు.

అప్పట్లో సికింద్రాబాదులో ఓ ఆసుపత్రి ఆపరేషన్ వార్డులో కొత్తగా చేరాను. గుంటూరు వైపు నుంచి వచ్చినదాన్ని, ఇక్కడి మాట సగం అర్థమయ్యేది కాదు, అయినా నా నోరు ఊరుకునేది కాదు. మా పెద్ద డాక్టరుగారు మహా కోపిష్టి, కానీ నర్సులకు ఒక మాట పదే పదే చెప్పేవారు: పేగు కోసి కలిపి కుట్టిన మనిషికి పైన గాయం బాగుందని మురిసిపోవద్దు, లోపలి కుట్టు వదిలితే ముందు చిన్న చిన్న తేడాలే కనిపిస్తాయి, అనుమానం వస్తే పిలవండి, తప్పయినా తిట్టను అని. తిట్టకుండా ఉండడం ఆయనకెంత కష్టమో తెలుసు కాబట్టి ఆ మాట నాకు బాగా నాటుకుపోయింది.

బోయిగూడలో పూలమ్ముకునే ఒక అవ్వకు పెద్దపేగులో గడ్డ తీసి, ఆ కొసలు కలిపి కుట్టారు. లేచి కూర్చుంటోంది, గంజి తాగుతోంది, వార్డంతా ఆవిడ గొంతే. ఇక ఇంటికి పంపొచ్చు అనుకుంటున్నాం. ఆ సాయంత్రం చూడ్డానికి ఇంటిల్లిపాదీ దిగారు, సరిగ్గా అప్పుడే అవ్వకు ఎక్కిళ్ళు మొదలయ్యాయి. యాప్రాల్‌లో ఉండే అవ్వ చెల్లెలి పేరు చెప్పారు, ఆగలేదు. ఎప్పుడో పోయిన మొగుడి పేరు చెబితే ఒక్క క్షణం ఆగాయి, ముసలాయన పిలుస్తుండు అని కోడలు హాస్యమాడితే పక్క మంచాల వాళ్ళు కూడా పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే నాడి పట్టుకున్నాను, పరుగులు పెడుతోంది. పొద్దున మెత్తగా ఉన్న పొట్ట ఉబ్బి బిగుసుకుంది. గంజి గ్లాసు ముట్టనేలేదు.

అందర్నీ బయటికి వెళ్ళమన్నాను. కోడలు నడుం మీద చెయ్యి పెట్టుకుని, “ఏందమ్మా, మా అత్త జెర నవ్వితే నీకేం తక్లీఫ్?” అని గదమాయించింది. గ్యాసే బిడ్డా, పరేషాన్ గాకు అని అవ్వ నన్నే ఓదార్చింది. నిజంగా గ్యాసే అయితే, ఎక్కిళ్ళకు పెద్ద డాక్టరును ఇంటి నుంచి పిలిపించిందని రేపు వార్డంతా నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ, అనుకుని ఫోన్ చేశాను. ఆయన వచ్చి పొట్ట నొక్కి చూసి, వెంటనే ఆపరేషన్ గది సిద్ధం చేయమన్నారు. లోపల కుట్టు వదిలింది, కానీ విషం ఒళ్ళంతా పాకకముందే దొరికింది. బయటికొచ్చాక, తెల్లారేదాకా ఆగితే దక్కేది కాదమ్మాయ్ అన్నారు. ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను, ఎందుకు చెప్పుకోకూడదు?

కొన్నాళ్ళు మలం పోవడానికి పొట్ట మీద పెట్టిన సంచీతో ఉండి, తర్వాత అదీ తీసేశాక, అవ్వ మళ్ళీ పూలబుట్ట ఎత్తుకుంది. చాలా ఏళ్ళు వార్డుకొచ్చి నాకు మల్లెపూలు ఇచ్చి పోయేది. పూలు పెట్టుకునే అలవాటు మా ఇంట్లో లేకపోయినా ఆవిడ ముందు పెట్టుకునేదాన్ని. ఎక్కిళ్ళొస్తే ముసలోని పేరు చెప్పుడు బంద్ చేసిన, నీ పేరే చెప్తున్న అనేది.

ఇప్పుడు మంచం పక్కన మిషన్లే నాడి చెబుతాయి, స్కానింగులు చిటికెలో తీస్తారు, ఎంతోమంది బతుకుతున్నారు, సంతోషమే. కానీ ఎక్కిళ్ళొస్తే చుట్టూ చేరి పేర్లు చెప్పే మనుషులూ, ఆ నవ్వుల మధ్య పొట్ట మీద చెయ్యి వేసి చూసే తీరికా తగ్గిపోయాయి. అవ్వ పోయి చాలాకాలమైంది. నాకు ఎక్కిళ్ళొస్తే మావారు బతికున్న చుట్టాల పేర్లన్నీ వరసగా చదువుతారు. నేను మాత్రం మనసులో అవ్వ పేరు చెప్పుకుంటాను, ఆగిపోతాయి.