దగ్గు తగ్గే దాకా

ఆళ్లగడ్డలో బస్సు దిగగానే ముందు గొంతులోకి రాతిపొడి పోతుంది. రోడ్డు పక్క పందిళ్ల కింద ఉలుల మోత, సగం తేలిన దేవుళ్ల ముఖాలు. ఈరోజు కూడా అంతే. నా సంచిలో పత్రికకు పంపాల్సిన వ్యాసం ఉంది. అంతకంటే ముందు దాన్ని ఒక శిల్పికి చదివి వినిపించాలి. ఈ అలవాటు నాకు అంటించింది మా దేవదానం సార్.

నంద్యాలలో ఆయన ముప్పై ఏళ్లు విలేకరి. ప్రమాదాలూ సభలూ అందరిలాగే రాసేవారు. ఆదివారం మాత్రం నాటకాల మీద, శిల్పాల మీద విమర్శ రాసేవారు. ఎవరి మీద రాస్తే వాళ్ల దగ్గరికే వెళ్లి, ఎదురుగా కూర్చుని చదివాకే పత్రికకు పంపేవారు. "మొగం మీద అనలేని మాట కాగితం మీద రాయొద్దు పాపా" అనేవారు. తిట్లు తిని వచ్చిన రోజులు కూడా ఉన్నాయి. నాకైతే ఆ మొండితనం భలే నచ్చేది.

నేను పనిలో చేరిన కొత్తలో ఓబులేసు అనే శిల్పి దగ్గరికి తీసుకెళ్లారు. "అమ్మవారి చెయ్యి బిగుసుకుపోయింది" అని సార్ చదివితే, ఓబులేసు "నీకేం తెల్సు సారూ, రాయి యాడ ఇరుగుతాదో నాకు తెల్సు" అని గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగింది. సార్ వేలు వాక్యం మీదే పెట్టి ఆగారు. దగ్గు తగ్గాక తర్వాతి వాక్యం చదివారు. ఎన్నిసార్లు వెళ్లినా ఇదే వరస. ఎంత ఓపిక, ఎంత మర్యాద అనుకునేదాన్ని. రాతిపొడితో ఊపిరితిత్తులు పాడై ఓబులేసు యాభై నిండకుండానే పోయాడు.

తర్వాత కొన్నేళ్లకు సార్ మంచం పట్టారు. తన మరణవార్త నన్నే రాసి, తనకే చదివి వినిపించమన్నారు. ఏడుపు ఆపుకుంటూ చదివాను. అన్నీ పొగడ్తలే.

"ఓబులేసు దగ్గుతాంటే నేనేం చేస్తాంటి?" అని అడిగారు.

"ఆగేవారు సార్."

"ఆగి?"

"మళ్లా చదివేవారు."

"బొమ్మ చెయ్యి బాగలేదని చదువుతాంటి. మనిషి రొమ్ము బాగలేదని ఒక్క దినమన్నా రాసినానా? అది రాయి. నేను ఇనాల."

అక్కడే దాని మీద రెండు వాక్యాలు రాసి వినిపించాను. తల ఊపారు. వారంలో పోయారు.

పత్రికలో ఆ రెండు వాక్యాలు రాలేదు. పత్రిక డెస్కు వాళ్లు తీసేయలేదు, నేనే తీసేశాను. ఆయన్ని నలుగురి ముందు తక్కువ చేయడానికి నాకు చెయ్యి రాలేదు. ఆయన విని ఒప్పుకున్న రాతను ఆయన ఇక వినలేనప్పుడు మార్చాను. ఆ సిగ్గు ఇంకా నాతోనే ఉంది.

ఇవాళ పందిరి కింద శిల్పికి నా వ్యాసం చదువుతున్నాను. రెండో పేరాలో అతనికి దగ్గు వచ్చింది. నా వేలు దానంతటదే వాక్యం మీద ఆగింది. దగ్గు తగ్గింది. అతను మూతి తుడుచుకుని "సదువు మేడం, బొమ్మ గురించి ఏం రాసినారో" అన్నాడు.

కాగితం మడిచేశాను. "ఈ దగ్గు ఎన్నాళ్ల నుంచి అన్నా?" అని అడిగాను.