గంప అయ్యాకే బొమ్మ

మా ఆయన బొమ్మలన్నీ నడకలో వేసినవే. రిటైరయ్యాక రోజూ మధ్యాహ్నం అరండల్‌పేటలో బయలుదేరి ఏటుకూరు రోడ్డు దాకా నడిచేవారు. ఆయన పోయిన నెల్లాళ్ళకి ఆ బొమ్మల పుస్తకం పట్టుకుని అదే దారిన వెళ్ళాను. అంతగా ఏం చూశారో తెలుసుకోవాలని. నిజం చెప్పాలంటే, ఎవరిని చూశారో తెలుసుకోవాలని. పుస్తకంలో సగానికి పైగా ఆడవాళ్ళ చేతులే. నావి ఉన్నాయేమోనని వెతికాను. లేవు.

పేజీల వరసలో నడిచాను. సగం దించిన షట్టరు, నీళ్ళ ట్యాంకరు వెళ్ళాక తడిసిన రోడ్డు, ఎండకి వెలిసిన గొడుగు. బొమ్మల్లో బాగున్నాయి. రోడ్డు మీద నాకు రోడ్డే కనిపించింది.

చివరి పేజీలు ఒక మిర్చి షెడ్డువి. లోపల పదిమంది ఆడవాళ్ళు ముఖాలకి గుడ్డలు కట్టుకుని ఎండుకాయలకి తొడిమలు తీస్తున్నారు. గుమ్మంలోనే నాకు తుమ్ములు మొదలయ్యాయి. వాళ్ళలో పెద్దామె నా చేతిలో పుస్తకం గుర్తుపట్టింది.

"సారు ఇంటామెవి గదూ? రామ్మా, కూకో."

"ఆయన ఊళ్ళో లేరు," అన్నాను, అడగకుండానే.

మేం క్రైస్తవులం. ముందు నుంచీ బొట్టు పెట్టుకోను కాబట్టి, ఆయన పోయారని నన్ను చూసి పోల్చుకునేదేమీ లేదు. పెద్దామె పక్కావిడ వైపు ఒకసారి చూసి, "అట్టాగా" అంది.

"ఇక్కడ కూర్చుని బొమ్మలు వేసుకునేవారా?"

"ఊరికే చూస్తా కూర్చుంటానంటే ఒప్పుకుంటామా! ముందు గంపెడు కాయలకి తొడిమలు తియ్యి సారూ, ఆనక బొమ్మేసుకో అన్నాం. ఏనాడూ ఎగ్గొట్టలా."

"మొదట్లో కాయలన్నీ చిదిపేవోడు," పక్కావిడ అందుకుంది. "కుంకుడుకాయలు కొడుతున్నావా సారూ అని తిట్టేదాన్ని. పడీ పడీ నవ్వేవోడు."

ఇంట్లో ఆయన ఒక్క చిక్కుడుకాయకి ఈనె తీసి ఎరగరు. సాయంత్రాలు వేళ్ళు మండుతున్నాయంటే రంగులు పడటం లేదనుకుని కొబ్బరినూనె రాసేదాన్ని. అవునన్నట్టే ఊరుకునేవారు.

కాయల గంపొకటి నా ముందుకి లాక్కున్నాను. నా వేళ్ళు తడబడుతుంటే వాళ్ళ చేతుల వైపు చూశాను. ఒక్కరూ కాయని చూడటం లేదు. కబుర్లాడుతూనే ఉన్నారు; తొడిమ ఎక్కడుందో బొటనవేలికే తెలుస్తోంది. ఆయన గీసింది ఆ వేలినే. బాగుంది. అలా ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు.

వేళ్ళు మండటం మొదలైంది. "ఆయన వచ్చాక మీరడిగారని చెబుతాను," అంటూ లేచాను.

పెద్దామె ముఖానికున్న గుడ్డ కిందికి లాగింది. "కూకో తల్లీ. ఆ రోజు సమాధుల తోటకి మేమూ వచ్చాం. పని మీంచి అట్టాగే వచ్చాం గదా, ఈ ఘాటుకి అందరూ తుమ్ముతారని గేటు కాడే నిలబడ్డాం."

ఆ దుఃఖమైనా నా ఒక్కదానిదే అనుకున్నాను.

గంపలో ఇంకా సగం కాయలున్నాయి. ఆయన ఏనాడూ ఎగ్గొట్టలేదట. మళ్ళీ కూర్చున్నాను.